చాకు, కొడవలి, గొడ్డలి: ఉత్తరాంధ్ర పదునుపనిముట్ల సేకరణ – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పాతకాలపు కత్తులను, చాకులను, వ్యవసాయ పనిముట్లను సేకరించి భద్రపరచే అలవాటు ఇటీవల మన ప్రాంతంలోనూ కనిపిస్తున్నది. పాత ఇనుము కొట్లలోనూ సంతల్లోనూ కొడవళ్లకు, గొడ్డళ్లకు, మడత చాకులకు ఇప్పుడు కొత్త గిరాకీ ఏర్పడింది. వాటిని కొనేవారు కోతకో కొట్టడానికో కొనడం లేదు. గోడకు తగిలించడానికి కొంటున్నారు. ఈ సేకరణల్లో వస్తువు దొరుకుతుంది గాని, చాలా సందర్భాల్లో దాని పేరు దొరకదు. పేరు దొరికినా ఆ పేరు ఏ ఊరిది, ఏ వృత్తి వారిది, ఏ పనికి చెందినది అన్న వివరం ఉండదు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పదునుపనిముట్లను ఇంతవరకు ఎవరు సేకరించారు, ఏ ఉద్దేశంతో సేకరించారు, ఆ క్రమంలో దేనిని నిలిపి దేనిని వదిలివేశారు అన్న ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. సేకరణ అన్న మాటను ఇక్కడ విస్తృతార్థంలో వాడుతున్నాను. కావ్యం, చట్టం, ప్రదర్శనశాల, నిఘంటువు – ఈ నాలుగూ తమతమ పద్ధతుల్లో కత్తిని పోగుచేసుకున్నవే. పనిముట్టు సేకరణ, పదసేకరణ వేర్వేరు పనులు కావని, ఒకటి లేకుండా రెండవది అసంపూర్ణమని నిరూపించడానికి ఈ వ్యాసం ప్రయత్నిస్తుంది.

మాటల్లో దాగిన చరిత్ర

ముందుగా పేర్లను గమనించాలి. 'కత్తి' ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. 'కొడవలి'లో వంకర అనే అర్థమున్న ధాతువు, కత్తి అనే అర్థమున్న 'వాలు' కలిసి ఉన్నాయి. తమిళంలోని 'కొడువాళ్' ఇందుకు సాటి. అంటే నేడు పొలం పనిముట్టుగా మాత్రమే భావించే కొడవలి, మాట పుట్టుకలో 'వంగిన కత్తి'. 'చాకు' దీనికి భిన్నమైనది. అది పారశీ, తురుష్క భాషల నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. కత్తి స్వదేశి, చాకు విదేశి అనుకున్నా, వాడుకలో ఈ రెండూ ఒకదాన్నొకటి తొలగించలేదు. పరిమాణాన్ని బట్టి పని పంచుకున్నాయి. ఒడిలోనో జేబులోనో ఇమిడేది చాకు, ఇమడనిది కత్తి.

ఉత్తరాంధ్రకు ఒడియా పొరుగుభాష. కూరలు తరిగే కత్తిపీటను అక్కడ 'పనికి' అంటారు. గొడ్డలిని 'టాంగియా' అంటారు. వస్తువు ఒకటే, పద్ధతి ఒకటే, పేర్లు వేరు. కత్తిపీట విషయంలో మరో విశేషం ఉంది. ఇందులో కత్తి కదలదు. కోయవలసిన వస్తువు కత్తి దగ్గరకు వస్తుంది. ఉద్దానంలో నేలలో పాతిన గునపం మొనకు కొబ్బరికాయను గుచ్చి పీచు ఒలవడంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. చేతితో ఆడించే కత్తిని మాత్రమే కత్తిగా లెక్కించే సేకర్తలకు ఈ రెండూ ఆనవు. వీటిలో మొదటిది ప్రధానంగా స్త్రీల పనిముట్టు కావడం గమనార్హం. ఒక పనిముట్టు సేకరణకు ఎక్కకపోవడానికి దాని ఆకారమే కాక, దాన్ని పట్టిన చేయి కూడా కారణమవుతుంది.

కావ్యం నిలిపిన కత్తి

ఈ ప్రాంతపు సాహిత్యంలో పదునైన ఇనుముకు మొదట దక్కిన చోటు యుద్ధరంగం. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం, అనంతరం తాండ్ర పాపారాయుడు విజయనగరం ప్రభువు విజయరామరాజును డేరాలో పొడిచి చంపిన ఘట్టం తెలుగువారికి సుపరిచితమే. దిట్టకవి నారాయణకవి 'రంగరాయచరిత్రము' ఈ వృత్తాంతాన్ని కావ్యంగా నిలిపింది. జానపద గాయకులు దానిని బొబ్బిలి కథగా ఊరూరా వినిపించారు. కత్తి, బాకు, ఈటె వీరుడి పేరుతో ముడిపడి స్మృతిలో నిలిచాయి.

అదే కాలంలో, అదే నేలమీద పైరు కోసిన కొడవలికి, కొండపై పొదలు కొట్టిన గొడ్డలికి ఇటువంటి చోటు దక్కలేదు. కావ్యం సేకరించినది ఒకసారి లేచి చరిత్రను మార్చిన ఆయుధాన్ని. ప్రతి ఏడూ లేచి ఊరిని బతికించిన పనిముట్టును కాదు. ఇది కవుల లోపం కాదు, ఆ ప్రక్రియల స్వభావం. అయితే పనిముట్ల చరిత్ర రాయదలచినవారికి కావ్యం ఎక్కడ ఆగుతుందో తెలిసి ఉండడం అవసరం.

గంటం నుండి చాకు దాకా

మడిచే కత్తి మనకు పాశ్చాత్యుల వెంట వచ్చిన కొత్త వస్తువని భావించడం పరిపాటి. తాటాకు రాతకు వాడిన గంటాల్లో కొన్నింటిని పరిశీలిస్తే ఈ అభిప్రాయాన్ని సవరించుకోవలసి వస్తుంది. ఒకే పిడిలోకి ఒక ప్రక్క రాసే మొన, మరొక ప్రక్క ఆకును కత్తిరించే అలుగు మడిచిపెట్టుకొనే ఉపకరణాలు దక్షిణభారత, సింహళ ప్రాంతాల్లో వాడుకలో ఉండేవి. తాటాకును కోసి, అంచులు సరిచేసి, ఆపై రాయాలి. రాతకు ముందు కోత ఉన్నది. కనుక లేఖకుడి చేతిలో కత్తి సహజంగా ఉండేది.

కాగితం, ఈకకలం వాడుకలోకి వచ్చినప్పుడు కూడా ఈ సంబంధం తెగలేదు. కలం మొన చెక్కడానికి చిన్న చాకు తప్పనిసరి అయింది. పారశీలో దానిని 'కలంతరాష్' అన్నారు, అంటే కలాన్ని చెక్కేది. ఉక్కు పాళీలు వచ్చిన తరువాత చాకుకు ఆ పని పోయింది. పెన్సిలు చెక్కడం, తాడు కోయడం, మామిడికాయ కోయడం దాని పనులుగా మిగిలాయి. ఊళ్లలో రాతకు, లెక్కకు ప్రతినిధిగా ఉండిన కరణం ఉద్యోగం ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయింది. గంటం, కలం, చాకు కలిసి ఉండిన రాతపెట్టెకు ఆనాటితో యజమాని లేకుండా పోయాడు. పాత ఇళ్లలో దొరికే మడత చాకును కేవలం జేబుకత్తిగా కాక, రాతపనిముట్ల పరంపరలో చివరిదిగా చూడడం సమంజసం. తాళపత్ర ప్రతులను సేకరించిన మన గ్రంథాలయాల కృషి ఎంతో గొప్పది. ఆ ప్రతులను కోసి, గీసిన ఇనుమును కూడా వాటి ప్రక్కన ఉంచి చదవగలిగితే ప్రతి నిర్మాణం గురించి మనకు తెలిసేది మరింత పెరుగుతుంది.

కొలిమి జ్ఞానం

పొలం పనిముట్ల విషయానికి వస్తే వాటి చరిత్ర కమ్మరి కొలిమిలో మొదలవుతుంది. తిత్తి, దాగలి, సుత్తి, సమ్మెట, పట్టుకారు, ఉలి – ఇవి పనిముట్లను చేసే పనిముట్లు. మెత్తని ఇనుముతో ఒడలు చేసి, అంచుకు మాత్రం ఉక్కు అతికి, కాల్చి నీటిలో ముంచి గట్టిపరచడం పాతపద్ధతి. అంతా గట్టిదైతే విరుగుతుంది; అంతా మెత్తనిదైతే వంగుతుంది. ఈ రెండింటి మధ్య కుదుర్చుకొన్న ఒప్పందమే 'పదును'. నేల విషయంలోనూ మనం పదును అంటాం. ఎక్కువ తడి గాని ఎక్కువ పొడి గాని కాని స్థితి అది. ఇనుముకూ నేలకూ ఒకే మాట వాడడంలో వ్యవసాయ సమాజపు అనుభవం కనిపిస్తుంది.

వరికోత కొడవలికి పళ్లు ఉంటాయి. వాటిని ఉలితో కొట్టించడాన్ని 'కక్కు కొట్టించడం' అంటారు. గడ్డిని రంపంలా లాగి కోయడానికి ఆ పళ్లు కావాలి. కొమ్మలు నరికే కత్తికి పళ్లుండవు. దానికి బరువు కావాలి. ఒక పనిముట్టుకు కక్కు ఉన్నదా లేదా, ఉంటే ఎంత అరిగింది అన్న వివరం అది ఏ పంటలో ఎంతకాలం బతికిందో చెబుతుంది. లోపలి అంచు నూరి నూరి సన్నబడిన తీరు నుండి దాని వయసునూ, సానపట్టిన వైపు నుండి అది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అన్నదీ కొంతవరకు ఊహించవచ్చు. నేటి కమ్మరులు విస్తారంగా వాడేది లారీల కమాను పట్టీల ఉక్కు. ఇది పరంపరకు భంగం కాదు. దొరికిన లోహాన్ని పనికి తగ్గట్టు మలచడమే ఆ పరంపర.

యాజమాన్యం కూడా గమనించదగిన అంశం. ఉత్తరాంధ్ర మాండలికంలో భూస్వామి 'బుగత', ఏడాది జీతానికి కుదిరినవాడు 'కంబారి'. నాగలీ ఎడ్లూ బుగతవి. కోతకు వచ్చే కూలీ మాత్రం సాధారణంగా తన కొడవలిని తానే తెచ్చుకుంటాడు. భూమి లేనివారికి సొంతమని చెప్పుకోవడానికి ఉన్న ఉత్పత్తి సాధనం ఆ ఒక్క కొడవలే కావచ్చు. ప్రదర్శనలో పెట్టిన కొడవలి ప్రక్కన ఈ వాక్యం రాయకపోతే అది వంగిన ఇనుపముక్కగానే మిగులుతుంది.

చట్టం చేసిన సేకరణ

ఈ ప్రాంతపు పదునుపనిముట్లను పెద్దఎత్తున పోగుచేసినవారిలో ప్రదర్శనశాలల కంటే ముందు పోలీసు, అటవీ శాఖలను చెప్పుకోవాలి. 1878 నాటి ఆయుధ చట్టం నిర్వచనంలో తుపాకులతోపాటు కత్తులు, బాకులు, ఈటెలు, విల్లంబులు చేరాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అటవీ నేరానికి వాడిన పనిముట్లను, తాళ్లను, బండ్లను, పశువులను స్వాధీనం చేసుకొనే అధికారమిచ్చింది. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కూడా ఆ అధికారాన్ని కొనసాగించింది. పోడు చేసుకొని బతికే సవరలకు, జాతాపులకు గొడ్డలి సేద్యపు పనిముట్టు. అడవి హద్దు గీసిన తరువాత అదే గొడ్డలి నేరానికి సాక్ష్యం. గొడ్డలి మారలేదు, గీత మారింది.

1959 నాటి ఆయుధ చట్టం ఒక ముఖ్యమైన మినహాయింపు చేసింది. కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి ఉద్దేశించినవి ఆయుధాలు కావని పేర్కొన్నది. 1962 నాటి నియమాలు కొలత కూడా చెప్పాయి. 9 అంగుళాలకు మించిన పొడవు గాని, 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న అలుగుగలవి ఆయుధాల పట్టికలో చేరాయి. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక ప్రయోజనాలకు చేసినవి మినహాయింపు పొందాయి. పొడవు, వెడల్పు ఇనుములో ఉంటాయి, కొలవవచ్చు. ప్రయోజనం ఇనుములో ఉండదు. అది వాడుకలో ఉంటుంది. వాడుకకు సాక్ష్యం పేరులో ఉంటుంది. 'కొడవలి' అని నమోదైతే పనిముట్టు, 'మారణాయుధం' అని నమోదైతే నేరసాధనం. పేరు ఇక్కడ భాషాశాస్త్ర విషయం మాత్రమే కాదు, ఒక మనిషి స్వేచ్ఛకు సంబంధించిన విషయం.

శ్రీకాకుళ రైతాంగ పోరాట చరిత్రను ఈ దృష్టితో చూసినప్పుడు మరొక కోణం తెలుస్తుంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన మహాసభకు వెళ్తున్నవారిపై లేవిడి వద్ద జరిగిన కాల్పుల్లో కోరన్న, మంగన్న మరణించారు. 1968 నవంబరు 25న గరుడభద్ర వద్ద భూస్వామి పొలంలో పంటను ప్రజలు కోసుకోవడం సాయుధ దశకు ఆరంభంగా చరిత్రకారులు పేర్కొంటారు. గమనించవలసినది ఏమిటంటే ఆనాటి చర్య కోత. కొడవలి అక్కడ చేసినది ప్రతి ఏడూ చేసే పనే. ఎవరి కోసం కోసింది అన్నదే మారింది. 1952 ఎన్నికల నుండి కంకి కొడవలి ఒక పార్టీ గుర్తుగా ఇంటి గోడల మీదికి ఎక్కింది. పనిముట్టు, గుర్తు, నేరసాధనం – ఒకే వస్తువుకు ఒకే తరంలో ఈ మూడు ఉనికులు ఏర్పడ్డాయి.

ఈ విభజనకు మన ఆచారం ఎన్నడూ తలవంచలేదు. దసరాకు చేసే ఆయుధపూజలో సుత్తి, కత్తి, నాగలి, కొలతబద్ద అన్నీ 'ఆయుధాలే'. చట్టం విడదీసినదానిని ఆచారం ఒక్కచోట పెట్టి బొట్టు పెడుతుంది.

ప్రదర్శనశాల, నిఘంటువు

మద్రాసు ప్రదర్శనశాల అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కె. రంగాచారి సహకారంతో 1909లో వెలువరించిన 7 సంపుటాల గ్రంథం దక్షిణభారత కులాల, తెగల వివరాలను పోగుచేసింది. ఆ దృక్పథంలో పనిముట్టు తెగ లక్షణాల్లో ఒకటి; దానిని చేసిన కమ్మరికి గాని, దాని పేరుకు గాని ప్రాధాన్యం తక్కువ. ఆ కాలపు సేకరణలను నేడు పరిశీలించేవారు పాలనాసరిహద్దుల చరిత్రను దృష్టిలో ఉంచుకోవాలి. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉన్నది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో ప్రత్యేక జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లోనూ, పార్వతీపురం మన్యం జిల్లా 2022లోనూ ఏర్పడ్డాయి. సీతంపేట కొండల్లోని గొడ్డలి ఒక్కటే, అది సేకరించిన ఏటిని బట్టి వేర్వేరు జిల్లాల పేర్లతో నమోదై ఉండవచ్చు. 'చికాకోల్' అన్న చీటీ శ్రీకాకుళానిదేనని తెలియనివారికి ఆ వస్తువు ఊరు లేనిదవుతుంది.

ఇదే కాలంలో గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవర భాషను నేర్చి, పదాలను సేకరించాడు. ఆయన సవర భాషా వివరణ గ్రంథం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. వస్తువును ఎత్తుకుపోకుండా దాని పేరును ఆ మాట్లాడేవారి నోటి నుండే రాసుకోవడం ఆయన పద్ధతి. వ్యావహారిక భాషావాదానికి, ఈ సేకరణకు మూలం ఒకటే: వాడేవారి మాటకు ప్రామాణ్యం ఇవ్వడం.

ఆ మార్గం తెలుగు పనిముట్ల విషయంలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఫలించింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. రైతుల నుండి నేరుగా సేకరించిన పదాల వ్యాప్తిని బట్టి తెలుగును పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలాలుగా గుర్తించే వీలు కలిగింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతం పూర్వమండలమైంది. తెలుగు మాండలికాల పటానికి నాగలి భాగాల పేర్లు, కొడవలి పేర్లు వంటివి ఆధారాలయ్యాయి.

1962లోనే ఆయుధ నియమాలూ వచ్చాయన్న సంగతిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఒకే ఏడాది రెండు కొలమానాలు వెలువడ్డాయి. ఒకటి కత్తిని అంగుళాల్లో కొలిచింది. రెండవది మాటలో కొలిచింది. మొదటిదానికి వస్తువు కావాలి, పేరుతో పని తక్కువ. రెండవదానికి పేరు కావాలి, వస్తువు బొమ్మగా ఉన్నా చాలు. ఈ రెండు కొలతలూ ఒకే కొడవలి మీద కలవలేదు.

నేటి సేకరణ – కొన్ని సూచనలు

వరికోత యంత్రాలు వచ్చాయి. కర్మాగారపు కొడవళ్లు చవకగా దొరుకుతున్నాయి. చిన్న కొలుములు ఒక్కొక్కటిగా ఆరుతున్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చింది. చెట్టు పోయినచోట చెట్టుతో ముడిపడిన పనిముట్టుకు, దాని మాటకు కూడా పని లేకుండా పోతుంది. అందువల్ల నేటి సేకర్తల కృషిని తేలికగా తీసివేయలేము. వారు లేకపోతే ఎన్నో పనిముట్లు కరిగిపోయి ఉండేవి. అయితే వారి సేకరణ పరిశోధనకు పనికిరావాలంటే కొన్ని జాగ్రత్తలు అవసరం.

మొదటిది, శుభ్రపరచడం. తీగబ్రష్షుతోనో ఆమ్లంతోనో తోమి మెరిపిస్తే సుత్తిదెబ్బల గుర్తులు, ఉక్కు అతికిన గీత, పిడిమీద అరచేతి అరుగుదల మాసిపోతాయి. తుప్పు వ్యాపించకుండా ఆపితే చాలు. వస్తువును కొత్తది చేయనక్కరలేదు. ఉప్పుగాలి తగిలే తీరగ్రామాల్లో ఈ ఆపడం కూడా శ్రద్ధతో చేయవలసిన పనే.

రెండవది, పిడి. పిడి విరిగిన కత్తికి దుకాణంలో కొత్త పిడి వేయించి అమ్ముతారు. పిడి కర్ర, పొన్ను, బిగించిన తీరు ఇనుమంత విలువైన ఆధారాలు. విరిగిన పిడి కొత్త పిడికంటే ఎక్కువ చెబుతుంది.

మూడవది, నమోదు. వస్తువు పేరును ఇచ్చినవారు పలికినట్లే రాయాలి, వీలైతే ధ్వనిముద్రణ చేయాలి. ఒక్క నామవాచకం చాలదు. దానితో వచ్చే క్రియను కూడా రాసుకోవాలి. కోయడం, నరకడం, చెక్కడం, తరగడం, గీయడం, కొట్టడం, చెండడం – వీటిలో ఏది ఏ కత్తికి చెల్లుతుందో చెప్పగలిగినవారు వాడినవారే. 'చెట్టు గీయడం', 'చెట్టు కొట్టడం' ఒకటి కాదు. మొదటిది కల్లు గీసే యాత, సెగిడి వృత్తులవారి జీవనం. రెండవది ఆ జీవనానికి ముగింపు. క్రియ తెలియని సేకర్తకు రెండు కత్తులూ ఒకేలా కనిపిస్తాయి.

నాల్గవది, ఊరు. నేటి జిల్లాతోపాటు పాత తాలూకా పేరును కూడా రాయాలి. దీనివల్ల పాత పత్రాలతోనూ, పదకోశంలోని మండల విభజనతోనూ పోల్చే వీలు కలుగుతుంది.

ముగింపు

ఉత్తరాంధ్ర పదునుపనిముట్టును కావ్యం వీరుడి కోసం, చట్టం నేరం కోసం, ప్రదర్శనశాల తెగ కోసం, నిఘంటువు భాష కోసం సేకరించాయి. ఈ నాలుగింటిలో పనిచేసిన చేతికి అతి దగ్గరగా వెళ్లినది నిఘంటువు. అయితే దానికి వస్తువు లేదు. నేటి సేకర్త వద్ద వస్తువు ఉన్నది, మాట లేదు. ఈ ఇద్దరినీ కలిపే చోటు తెలుగు శాఖలే కాగలవు.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథానిలయం ఇందుకు మంచి ఆదర్శం. చెల్లాచెదురుగా ఉన్న పత్రికల్లోని కథలను ఒక్కచోటికి చేర్చితే వాటి మధ్య సంబంధాలు తెలుస్తాయని ఆ సంస్థ నిరూపించింది. పనిముట్ల విషయంలో మనకు ముందుగా కావలసినది భవనం కాదు, జాబితా. ప్రతి పరిశోధక విద్యార్థి తన సొంత ఊరిలో పది పదునుపనిముట్ల పేర్లు, క్రియలు, చేసినవారు, వాడినవారు, బొమ్మలు నమోదు చేసినా ఆ జాబితాకు పునాది పడుతుంది. 1962 నాటి పదకోశానికి మాట చెప్పిన రైతుల తరం దాదాపు ముగిసింది. వారి పిల్లల చేతుల్లో ఆ కొడవలి ఇంకా ఉన్నది. దాని పేరు అడగవలసిన సమయం ఇదే.